ఆ కోట బొమ్మ మన బడి గోడ మీద ఎందుకు?

"రాజుగారి ఇల్లు గీయండి" అని మన గూడెం బడిలో ఐదో తరగతి పిల్లలకు చెప్పి చూడండి. దాదాపు అందరూ ఒకే బొమ్మ గీస్తారు. తెల్లటి గోడలు, సన్నగా ఆకాశంలోకి లేచిన బురుజులు, వాటి మీద కోసుగా నీలం కప్పులు, వెనకాల మంచు కొండలు. ఉట్నూరు పిల్లవాడైనా అంతే, పాడేరు పిల్లయినా అంతే. వాళ్లు మంచు కొండ ఎరగరు. అలాంటి బురుజు చూసినవాళ్లు వాళ్ల ఇంట్లో లేరు. అయినా ఆ బొమ్మ వాళ్ల చేతికి వచ్చేసింది. స్కూలు బ్యాగు మీద అదే ఉంది. నోటు పుస్తకం అట్ట మీద అదే ఉంది. కార్టూన్ సినిమా మొదట్లో అదే వెలుగుతుంది. చివరికి మనమే పెయింటరుకు డబ్బిచ్చి బడి గోడ మీద కూడా దాన్నే వేయిస్తున్నాం.

ఈ బొమ్మకు మూలమైన కట్టడం నిజంగానే ఉంది. దాని పేరు నోయ్‌ష్వాన్‌స్టైన్. జర్మనీ దక్షిణ కొసన, బవేరియా రాష్ట్రంలో, ఆల్ప్స్ కొండల అంచున, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరగా ఉంది. ప్రపంచమంతా దాన్ని "అద్భుత కథల కోట" అంటుంది. ఏటా సుమారు 14 లక్షల మంది చూడటానికి వెళ్తారు. వేసవిలో ఒక్కో రోజు 6 వేల మంది దాకా వస్తారు. మన తెలుగువాళ్లు కూడా యూరప్ టూరులో అక్కడ దిగి ఫొటోలు పెడుతున్నారు, యాత్రా కథనాలు రాస్తున్నారు. "కథల్లో చదివిన కోట కళ్లెదుట నిలిచింది" అని మురిసిపోతున్నారు. ఏ కథలో చదివారని అడిగితే జవాబు ఉండదు.

కోట అందంతో నాకు పేచీ లేదు. అది అందంగానే ఉంటుంది. నా పేచీ దాని చుట్టూ అల్లిన మాటతో. ఆ మాటలో మూడు అబద్ధాలున్నాయి. కోట చాలా పాతదన్నది మొదటిది. అది జనం కథల్లోంచి వచ్చిందన్నది రెండోది. రాయితో కట్టి, కొండ మీద నిలబెట్టి, టికెట్టు పెట్టినదే వారసత్వం అన్నది మూడోది. ఈ మూడింటినీ మన పిల్లలు అక్షరం నేర్చుకోకముందే మింగుతున్నారు. మూడో అబద్ధం మనకు నేరుగా నష్టం చేస్తోంది. అందుకే ఈ వ్యాసం.

ముందు పాతదనం సంగతి. దూరం నుంచి చూస్తే వెయ్యేళ్ల కోటలా ఉంటుంది. పునాది రాయి వేసింది 1869 సెప్టెంబరు 5న. అప్పటికే మన దేశంలో రైలు నడిచి 16 ఏళ్లయింది. జర్మనీలో మొదటి రైలు 1835లో నడిచింది, అదీ ఇదే బవేరియాలో. కోట గోడలు ఇటుకతో కట్టి, పైన సున్నపురాయి తొడిగారు. రాళ్లు పైకి చేర్చడానికి ఆవిరి క్రేను వాడారు. లోపల వేడి గాలితో గదులు వెచ్చబరిచే ఏర్పాటు, అంతస్తు అంతస్తుకూ కుళాయి నీళ్లు, నౌకర్లను పిలిచే కరెంటు గంటలు, టెలిఫోను కూడా ఉన్నాయి. శత్రువును ఆపడానికి కట్టిన కోట కాదది. ఆ కాలానికి ఏ శత్రువూ కోట గోడ దగ్గర ఆగడు. ఫిరంగులు అంత దూరం వచ్చేశాయి.

నిజంగా పాత కోటలు ఆ కొండ మీద ఉండేవి. మధ్యయుగాల నాటి రెండు కోటల శిథిలాలు. వాటిని తొలగించి, బండను పేల్చి, శిఖరాన్ని దాదాపు 8 మీటర్లు దించి, ఆ చదునులో ఇది కట్టారు. పాతదాన్ని కూల్చి, పాతదానిలా కనబడే కొత్తది నిలబెట్టారన్న మాట. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. గూడెంలో పాత గుడిసె పీకేసి, రిసార్టులో "ట్రైబల్ హట్" అని సిమెంటుతో గుడిసె కట్టి, దాని మీద గడ్డి కప్పి, రాత్రికి వేల రూపాయలు తీసుకునే వాళ్లను మనం చూస్తూనే ఉన్నాం.

ఇక కథల సంగతి. ఈ కోట రూపాన్ని మొదట గీసినవాడు ఇళ్లు కట్టే మేస్త్రీ కాదు, వాస్తుశిల్పీ కాదు. క్రిస్టియన్ యాంక్ అనే రంగస్థల చిత్రకారుడు. నాటకాలకు వెనక తెరలు వేసేవాడు. మన సురభి నాటకంలో మయసభ తెర ఎలా ఉంటుందో, అలా గీసిన తెర ఇది. వాస్తుశిల్పులు తర్వాత వచ్చి ఆ తెరను రాయిగా మార్చారు. కట్టించిన రాజు రెండో లుడ్విగ్. అతనికి రిచర్డ్ వాగ్నర్ సంగీత నాటకాలంటే ప్రాణం. గోడల మీద ఆ నాటకాల ఇతివృత్తాలే, హంస నావలో వచ్చే వీరుడి బొమ్మలే. ఊళ్లో అవ్వలు చెప్పుకున్న కథల కోసం కట్టిన ఇల్లు కాదిది. ఒక రాజుగారి నాటక పిచ్చికి కట్టిన ఇల్లు.

తర్వాత అమెరికాలో డిస్నీ వాళ్లు 1955లో తమ వినోద నగరం తెరిచినప్పుడు, నిద్రపోయే రాకుమారి కోటను ఈ కోట నమూనా చూసి కట్టుకున్నారు. అక్కడి నుంచి అది సినిమా గుర్తుగా మారింది, బొమ్మగా మారింది, బ్యాగు మీద అచ్చయింది. అంటే వరుస ఇది: నాటకం నుంచి రాజుకు, రాజు నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి మన పిల్లల వీపు మీదికి. ఈ వరుసలో జనం ఎక్కడా లేరు. జనం పేరు మాత్రం ఉంది.

జర్మన్ జనానికి కథలు లేవని కాదు. గ్రిమ్ సోదరులు 1812లోనూ 1815లోనూ అచ్చేసిన కథల సంపుటాలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ కథలు చెప్పినవాళ్లలో డొరొతియా ఫీమన్ ఒకామె. పూటకూళ్ల ఇంట్లో పుట్టి పెరిగి, దారిన పోయే బండివాళ్ల దగ్గర, సైనికుల దగ్గర కథలు విన్నది. ఒక దర్జీని పెళ్లాడింది. కూరగాయలు అమ్ముకుని బతికింది. ఆ సోదరులు రెండో కూర్పులో ఆమె బొమ్మ అచ్చు వేశారు. ఒక కూరగాయలమ్మ బొమ్మ పుస్తకంలో ఎక్కింది. ఆమె ఊరికి, ఈ కోటకు ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు అడగండి: కథల దేశం అనగానే లోకానికి గుర్తొచ్చేది ఆ అవ్వ ముఖమా, ఈ రాజు బురుజా?

మన దగ్గరా ఇదే జరుగుతోంది. గోండు వంశాల పుట్టుకను రాత్రంతా కింగ్రి మీద పాడే ప్రధాన్లు, తోటీలు ఉన్నారు. పడిగె విప్పి వీరుల కథ చెప్పే కోయ డోలీలు ఉన్నారు. ఆ కథలు పుస్తకాల్లోకి వచ్చినప్పుడు "సేకరణ" అని ఒక పేరు ఉంటుంది. చెప్పినవాళ్ల పేరు ఉండదు. రెండు వందల ఏళ్ల కింద గ్రిమ్ సోదరులు చేసిన పని మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది ఇవాళ్టికీ చేయడం లేదు. జర్మనీ నుంచి నేర్చుకోవాలంటే ముందు ఇది నేర్చుకుందాం. కోట తర్వాత.

రాజు గురించి చెప్పకుండా కోట గురించి చెప్పడం కుదరదు. లుడ్విగ్ 1864లో 18 ఏళ్లకే గద్దెనెక్కాడు. రెండేళ్లకే, 1866లో, ఆస్ట్రియా పక్షాన ప్రష్యాతో యుద్ధం చేసి ఓడిపోయాడు. యుద్ధం వస్తే తన సైన్యాన్ని ప్రష్యా చేతికి అప్పగించాలన్న ఒప్పందానికి తలవంచాడు. 1870లో బిస్మార్క్ రాసి పంపిన ఉత్తరానికి నకలు రాసి సంతకం పెట్టాడు. ప్రష్యా రాజును జర్మనీ చక్రవర్తిగా చేయమని కోరే ఉత్తరం అది. దానికి బదులుగా బిస్మార్క్ నుంచి రహస్యంగా డబ్బు ముట్టింది. ఆ డబ్బు ఎక్కడిది? ప్రష్యా కబళించిన హనోవర్ రాజ్యపు రాజు దగ్గర గుంజుకున్న ఆస్తి మీద వచ్చినది. రాజ్యం చేతిలోంచి జారిపోయిన రాజు కొండ మీద తనకొక బొమ్మ రాజ్యం కట్టుకున్నాడు. అదే ఈ కోట.

ఖజానా నుంచి నేరుగా తీయలేదు, తన సొంత సొమ్ము, అప్పులు వాడాడని అతని అభిమానులు అంటారు. ఆ మాట నిజమే. అయితే రాజుకు ఏటేటా ఖజానా ఇచ్చే భత్యమే ఆ "సొంత సొమ్ము"లో పెద్ద వాటా. ఖజానాకు ఆ డబ్బు పన్ను కట్టినవాళ్ల నుంచి వచ్చింది. ఈ ఒక్క కోటకే 62 లక్షల మార్కులు పట్టింది. మిగతా భవనాలు కలిపి 1885 నాటికి అప్పు కోటీ 40 లక్షల మార్కులకు చేరింది. 1886 జూన్‌లో మంత్రులు అతనికి మతి చెడిందని ప్రకటించి దించేశారు. అలా రాసిచ్చిన వైద్యుడు అతన్ని స్వయంగా పరీక్షించనే లేదు. ఇదే కోటలో పట్టుకుని తీసుకుపోయారు. జూన్ 13న ఒక సరస్సులో రాజూ వైద్యుడూ ఇద్దరూ శవాలై తేలారు. ఎలా చనిపోయారన్నది ఇప్పటికీ వాదనే.

ఆ కోటలో అతను గడిపింది మొత్తం 172 రోజులు. 200కు పైగా గదులు అనుకుంటే పూర్తయినవి పదిహేను దాకానే. సింహాసన మందిరం ఉంది, సింహాసనం లేదు. అది చేయించకముందే చనిపోయాడు. తన కోటను పరాయివాళ్లు చూడటం అతనికి గిట్టేది కాదు. చనిపోయిన ఏడు వారాలకే, 1886 ఆగస్టు 1న, టికెట్టు పెట్టి జనానికి తెరిచారు. "నోయ్‌ష్వాన్‌స్టైన్" అన్న పేరు కూడా అతను చనిపోయాకే వచ్చింది. అతనికి అది కొత్త హోహెన్‌ష్వాంగావ్ కోట మాత్రమే. 1899 నాటికి ఆ కట్టడాల అప్పులు తీర్చేశారు. రాజు ఖర్చు చేసినది, జనం టికెట్టు కొని తీర్చారు. కట్టేటప్పుడూ జనమే, తీర్చేటప్పుడూ జనమే.

కట్టినవాళ్ల సంగతి చూద్దాం. 1880లో ఒక్క కోట దగ్గరే 200 మంది దాకా పనివాళ్లు ఉన్నారు. తొందర పనులప్పుడు 300 మంది దాకా, రాత్రిళ్లు నూనె దీపాల వెలుగులో కూడా పనిచేశారు. 1879, 1880 రెండేళ్లలోనే 465 టన్నుల పాలరాయి, 1,550 టన్నుల ఇసుకరాయి, 4 లక్షల ఇటుకలు ఆ కొండెక్కాయి. కట్టడంలో 30 మంది చనిపోయినట్టు లెక్క ఉంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. 1870లోనే అక్కడ పనివాళ్లకు ఒక సహాయ నిధి పెట్టారు. వాళ్లు నెలనెలా కొంత వేస్తే రాజు కొంత కలిపేవాడు. జబ్బు చేసినా దెబ్బ తగిలినా 15 వారాల దాకా కూలి అందేది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు చిన్న పింఛను ఉండేది. 150 ఏళ్ల కింద రాజుల కాలంలో జరిగిన పని ఇది. ఇవాళ మన కొండల మీద రిసార్టు పునాదులు తవ్వే కూలీల్లో ఎంతమందికి ఆ పాటి భరోసా ఉందో మన యువకులు వెళ్లి అడగాలి. పిచ్చిరాజు అని పేరు పడ్డవాడి కంటే మన కాంట్రాక్టర్లు తెలివైనవాళ్లేమో గానీ, మంచివాళ్లని మాత్రం చెప్పలేం.

కోట కథలో ఎవరూ బొమ్మ వేయని అధ్యాయం ఇంకొకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఫ్రాన్సులోని యూదు కుటుంబాల ఇళ్ల నుంచి దోచుకున్న చిత్రాలు, నగలు, వెండి సామాను తెచ్చి దాచింది ఈ కోటలోనే. కొండల్లో మారుమూల ఉంది, బాంబులు పడవు, ఎవరికీ అనుమానం రాదు. 1945లో అమెరికా సైనికులు వెళ్లి దాన్ని పట్టుకున్నారు. దొంగలు ప్రతి వస్తువుకూ జాబితా రాసి పెట్టుకున్నారు. ఎవరి ఇంటి నుంచి ఏది తెచ్చారో అందులో ఉంది. ఆ కాగితాలే తర్వాత చాలా వస్తువులు సొంతదారులకు తిరిగి చేరడానికి ఆధారమయ్యాయి.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు ఒక్క క్షణం ఆగాలి. మన దేవతల వస్తువులు, మన డోళ్లు, మన చెక్క బొమ్మలు, మన నగలు ఎన్ని గూడేలు దాటిపోయాయి? ఎవరు తీసుకుపోయారు, ఎప్పుడు, ఎంతకు, ఏ మ్యూజియంలో ఏ పేరుతో ఉన్నాయి? మన దగ్గర జాబితా లేదు. జాబితా లేనివాడి వస్తువు పోలేదనే లెక్క. "మీవే అని ఆధారమేది?" అని అడిగితే మన పెద్దల జ్ఞాపకం తప్ప చూపడానికి కాగితం లేదు.

ఇప్పుడు మూడో అబద్ధానికి వద్దాం. రాయి ఉంటేనే వారసత్వం. 2025 జూలైలో యునెస్కో ఈ కోటను, లుడ్విగ్ కట్టించిన మరో మూడు భవనాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర 2021లో ములుగు జిల్లా రామప్ప గుడి ఆ జాబితాకెక్కింది. సంతోషమే. రామప్ప కట్టిన శిల్పుల చేతులకు దండం పెడదాం. అదే ములుగు జిల్లాలో మేడారం ఉంది. రామప్ప కాకతీయుల కాలపు గుడి. మేడారం ఆ కాకతీయుల పన్నుకు ఎదురు నిలిచిన తల్లీబిడ్డల గద్దె. అక్కడ పూజ అందుకునేది శిల్పం కాదు, కుంకుమ భరిణె, వెదురు కర్ర. రెండేళ్లకోసారి అడవి పట్టనంత జనం వస్తారు. రాజు కట్టినదాన్ని కొలవడానికి లోకం దగ్గర కొలత ఉంది. రాజును ఎదిరించిన జ్ఞాపకాన్ని కొలవడానికి మనం కొలత తయారు చేసి చూపించాలి.

"మనకు కోటలు లేవా? చంద్రపూర్‌లో గోండు రాజుల కోట లేదా? ఉట్నూరులో లేదా? 1564లో అక్బరు సైన్యంతో పోరాడి ప్రాణమిచ్చిన గోండు రాణి దుర్గావతి లేదా?" అని మన యువకులు అడుగుతారు. ఉన్నాయి. ఉంది. వాటి చరిత్ర చెప్పాలి, శిథిలాలను కాపాడాలి. ఉట్నూరు పిల్లవాడికి తన ఊళ్లో ఉన్న కోట గోడ తెలియకుండా బవేరియా బురుజు తెలియడం మనకు సిగ్గుచేటు. అయితే కోటకు కోటతోనే జవాబు చెబితే రాజు కొలబద్దనే మనమూ ఒప్పుకున్నట్టు. కోట లేని కొండరెడ్డికి, కోట లేని చెంచుకు, కోట లేని సవరకు అప్పుడు ఏం చెబుతాం? మీకు చరిత్ర లేదని చెబుతామా? చెట్టు కింద దేవుణ్ని నిలిపి, ఆ చెట్టును తరాలుగా నరకకుండా కాపాడిన గూడెం చేసిన పని ఏ రాజు కట్టడానికీ తీసిపోదు.

మనవాళ్లు రాయితో కట్టుకున్నా ఎలా కట్టారో చూడండి. కేస్లాపూర్‌లో నాగోబాకు మెస్రం వంశం వాళ్లు కుటుంబానికి ఇంత అని చందాలు వేసుకుని రాతి గుడి కట్టుకున్నారు. అప్పు చేసి మరొకరి నెత్తిన వేయలేదు. ఒక్కడి పిచ్చి కోసం కట్టలేదు. గోదావరి నీటికి కాలినడకన వెళ్లి వచ్చే పద్ధతి వదులుకోలేదు. ఆ గుడి బొమ్మ ఏ స్కూలు బ్యాగు మీదైనా చూశారా?

బవేరియా నుంచి మనం నిజంగా తెచ్చుకోవాల్సిన సంగతి కోట కింద ఉన్న ఊళ్లో ఉంది. ఆ ఊరి పేరు ష్వాంగావ్. జనాభా మూడు వేల పైచిలుకు. కోట బవేరియా ప్రభుత్వానిది, ఊరిది కాదు. అయినా కోటను యునెస్కో జాబితాకు పంపాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు, 2023 జూన్‌లో ఆ ఊరివాళ్లు ఓటేశారు. జాబితాకెక్కితే తమ పొలాల మీద, ఇళ్ల మీద కొత్త ఆంక్షలు వస్తాయేమో, ఇప్పటికే తోసుకొచ్చే జనం ఇంకా పెరుగుతారేమో అని చాలామందికి భయం. వాదించుకున్నారు. చివరికి 56 శాతం దాకా సరే అన్నారు. మిగతావాళ్లు వద్దన్నారు. లోకమంతా ఎరిగిన కోట విషయంలో కూడా కింద ఉన్న రైతు మాట చెల్లింది.

మనకు ఆ హక్కు లేదా? ఉంది. చట్టంలో ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షను మన సాంస్కృతిక వారసత్వానికి హాని చేసే పనులను ఆపే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద మనవాళ్లు పోరాడినందుకే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఇన్ని చట్టాలుండగా మన కొండ మీద వ్యూ పాయింటు ఎప్పుడు వచ్చిందో, గాజు వంతెన ఎవరు అడిగారో, జలపాతం దగ్గర గేటు ఎవరు పెట్టారో గూడేనికి తెలియదు. రిబ్బను కత్తిరించే రోజు థింసా ఆడటానికి మాత్రం కబురొస్తుంది.

పేర్లు చూడండి. అరకును "ఆంధ్రా ఊటీ" అంటారు. లంబసింగిని "ఆంధ్రా కాశ్మీర్" అంటారు. మన కొండకు మరో కొండ పేరు పెడితే గానీ దానికి విలువ లేదట. రాజు చచ్చాక అతని కోటకు పేరు మార్చారు, అతను అడగలేడు. మనం బతికుండగానే మన కొండల పేర్లు మారుతున్నాయి, మనం అడగడం లేదు.

"పిల్లల ఊహను ఎందుకు తుంచేస్తారు? కోట గీసుకుంటే పోయేదేముంది?" అని కొందరు ఉపాధ్యాయులు అంటారు. లోకంలో ఉన్న పిల్లలందరూ ఒకే బొమ్మ గీస్తుంటే దాన్ని ఊహ అనరు, నకలు అంటారు. ఊహ పెరగాలంటే పిల్లవాడి కళ్లలో పది రకాల ఇళ్లుండాలి, పది రకాల దేవుళ్లుండాలి. ఆ పదిలో జర్మనీ కోట ఒకటైతే నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే అయితే ఉంది. 1940లలోనే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, గోండీలో వాచకాలు తయారు చేశారు. ఆ పనికి పూనుకున్న హైమెన్‌డార్ఫ్ వియన్నాలో పుట్టినవాడు, ఆ జర్మన్ మాటలోనే పెరిగినవాడు. అతను వచ్చి మన ప్రధాన్ల కథలు విని రాసుకున్నాడు. అలాంటి చోట నుంచి ఎనభై ఏళ్లు నడిచి మనం చేరింది ఈ నీలం బురుజు బొమ్మ దగ్గరికా?

మన పిల్లల్లో ఎవరైనా చదువుకునో ఉద్యోగానికో జర్మనీ వెళ్తే, తప్పకుండా ఆ కోట చూడండి. మ్యూనిక్ నుంచి రెండు గంటల రైలు. ఫ్యుస్సెన్‌లో దిగి బస్సెక్కాలి. కింద టికెట్టు, అందులో రాసిన సమయానికే లోపలికి పంపుతారు. అరగంట పైకి నడక. లోపల తిప్పేది కూడా అరగంటే, ఫొటోలు తీయనివ్వరు. రాజు తల్లి పేరు పెట్టిన వంతెన మీద నుంచి చూస్తే నిజంగానే గుండె జల్లుమంటుంది. అంతా చూడండి. చూసి సింహాసనం ఎందుకు లేదో అడగండి. చనిపోయిన ముప్పై మంది గురించి అడగండి. దాచిన సొత్తు ఏ గదుల్లో ఉండేదో అడగండి. దిగి వచ్చేటప్పుడు ఊళ్లో ఆగి, ఎవరు ఎందుకు వద్దని ఓటేశారో అడగండి. తిరిగొచ్చి గూడెంలో ఆ సంగతులు చెప్పండి.

ఇక్కడ ఉన్నవాళ్లం చేయాల్సింది మూడు పనులు. బడి గోడకు మళ్లీ రంగు వేసేటప్పుడు ఆ కోట బొమ్మ తీసేసి, ఏం వేయాలో గూడెం పెద్దలను, పిల్లలను కూర్చోబెట్టి అడగాలి. సవరలు పూజకు ఇంటి గోడ మీద బొమ్మలు వేసుకునే జాతి. మనకు గోడ బొమ్మలు ఒకరు నేర్పనక్కర్లేదు. రెండోది, ప్రతి బడిలో ఒక రిజిస్టరు పెట్టాలి. కథ, పాట, దేవుడి వస్తువు, పాత కట్టడం, కాపాడిన చెట్టు, వాగు పేరు, ఏదైనా సరే, చెప్పిన మనిషి పేరుతో, ఊరితో, తేదీతో రాయాలి. పిల్లల చేతే రాయించాలి, వాళ్ల మాటలోనే. బయటికి చెప్పకూడని సంగతులుంటే వాటిని రాయాలో వద్దో పెద్దలే తేలుస్తారు. మూడోది, మన ఊరి కొండ మీదా వాగు మీదా ఏ టూరిజం పని వచ్చినా గ్రామసభ ముందుకు రావాల్సిందేనని తీర్మానం చేసి, నకలు తీసి పెట్టుకోవాలి.

ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం పేరుతో పిల్లలకు ఈకలు కట్టి అధికారుల ముందు ఆడిస్తున్నాం. ఈసారి ఆ వేదిక మీద ఆ రిజిస్టరు పెట్టండి. కథ చెప్పిన అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె పేరు మైకులో చదవండి. అధికారులు కింద కూర్చుని వింటారు.